చూపు, గుఱి, కూర్పు: కలకత్తా నగరమున ఛాయాచిత్రకళ

చూచుట వేఱు, దృష్టి నిలుపుట వేఱు. కన్ను తెఱచియున్నంతసేపు ఎదుటనున్న ప్రపంచమంతయు కనబడుచునే యుండును. కాని మనస్సు దేనియందు నిలుచునో అదియే మనుష్యునకు జ్ఞాపకముండును. ఛాయాచిత్రకళయందును ఈ భేదమే కలదు. కెమెరాకు లెన్సు కన్ను వంటిది. ఆ లెన్సును ముందునకు వెనుకకు జరిపి, కోరిన వస్తువు స్పష్టముగా గోచరించునట్లు చేయుటను ఫోకసు అందురు. ఆ వస్తువును చట్రములో ఏ తావున నుంచవలెను, దానితోపాటు దేనిని చేర్చవలెను, దేనిని విడువవలెను అని నిర్ణయించుటను కూర్పు అందురు. మొదటి పని నేడు చాలవఱకు యంత్రము వశమైనది. రెండవ పని ఇప్పటికిని మనుష్యునిదే. ఈ పనుల పంపకము ఎట్లు జరిగెనో, అందువలన కలిగిన లాభమేమో, పడవలసిన జాగ్రత్త యేమో తెలిసికొనుటకు కలకత్తా వంటి తగిన నగరములు భారతదేశమున అరుదు. ఛాయాచిత్రకళ పుట్టిన నాటినుండి నేటివఱకు దాని ప్రతి దశయు ఈ నగరమున తన ముద్రను విడిచి పోయినది.

1839వ సంవత్సరము ఆగష్టు 19వ తేదీన పారిస్ నగరమున లూయీ డాగేరు కనిపెట్టిన విధానము లోకమునకు వెల్లడి యయ్యెను. ఆ యేటనే కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీలో వైద్యుడును రసాయనశాస్త్రవేత్తయు నగు విలియం బ్రూక్ ఓషాఘ్నెసీ, కాంతిచేత చిత్రములు తీయుటకై తాను చేసిన ప్రయోగములను గూర్చి తెలియజేసెను. తరువాతి కాలమున ఈ దేశమున తంతివార్తలను నెలకొల్పినవాడును ఆయనయే. ఓడల మీద వార్తలు నెలల తరబడి ప్రయాణము చేయు ఆ దినములలో ఒక క్రొత్త విద్య ఇంత త్వరగా గంగాతీరమును చేరుట ఆశ్చర్యకరమైన విషయము.

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ అను ఆంగ్లేయుడు తడి గాజుపలక పద్ధతిని ప్రకటించెను. గాజుపలకకు కొలోడియను అను జిగురు పదార్థమును పూసి, వెండి లవణముల ద్రావణములో ముంచి, అది తడిగా నుండగనే కెమెరాలో నుంచి చిత్రము తీసి, వెంటనే చీకటిగదిలో రసాయనములతో కడిగి ప్రతిబింబమును తేల్చవలెను. తడి ఆఱినచో పలక పనికిరాదు. వేసవియందు కలకత్తా ఎండలో తడి ఎంతసేపు నిలుచునో ఊహింపవచ్చును. అందుచేత ఛాయాగ్రాహకుడు ఎచ్చటికి పోయినను తన చీకటి గుడారమును వెంట మోయించుకొని పోవలసి యుండెను.

ఆనాటి ఫోకసు పద్ధతి గమనింపదగినది. కెమెరా వెనుకభాగమున ఒక గరుకు గాజుపలక యుండును. లెన్సుగుండ వచ్చిన ప్రతిబింబము దానిమీద పడును. ఛాయాగ్రాహకుడు తలపై నల్లగుడ్డ కప్పుకొని, చేతిలోని భూతద్దముతో ఆ పలకను పరిశీలించుచు, తోలుతిత్తి వంటి కెమెరా మధ్యభాగమును సాగదీసియో ముడిచియో ప్రతిబింబమును స్ఫుటము చేసికొనును. అయితే ఆ ప్రతిబింబము తలక్రిందులుగా నుండును. కుడి యెడమలు కూడ తాఱుమాఱగును. ఇది మొదట కష్టముగా తోచినను కూర్పునకు గొప్ప మేలే చేసెను. తలక్రిందులైన గోపురము గోపురముగా తోపదు. ఒక వెలుగు ముద్దగా, ఒక నీడ ముద్దగా తోచును. వస్తువుల పేర్లు మఱుగుపడి వాటి ఆకారములు, బరువులు మాత్రమే కంటికి మిగులును. వెలుగునకు నీడ సరితూగినదా, ఒకప్రక్క మోపు ఎక్కువైనదా యని అట్టి పలకమీద తేలికగా తెలియును. ఒక చిత్రమునకు అరగంట శ్రమపడవలసి వచ్చినప్పుడు, ఏది తీయవలెనో ముందుగనే ఆలోచించు అలవాటును ఆ శ్రమయే నేర్పెను.

1856లో కలకత్తాయందు బెంగాలు ఛాయాచిత్ర సంఘము వెలసెను. బొంబాయిలో 1854లోను, చెన్నపట్టణమున 1856లోను ఇట్టి సంఘములే ఏర్పడెను. కలకత్తా సంఘమున ఆంగ్లేయులతోపాటు భారతీయులును సభ్యులుగా నుండిరి. వారిలో ప్రముఖుడు రాజేంద్రలాల మిత్ర. సంస్కృత పండితుడుగను, పురాతత్త్వ పరిశోధకుడుగను పేరొందిన ఆయన ఈ సంఘమునకు కోశాధికారిగా నుండెను. 1857లో జరిగిన ఒక బహిరంగ సభలో ఆయన నీలిమందు తోటల దొరలు రైతులను పెట్టు బాధలను నిర్భయముగా విమర్శించెను. దాని ఫలితముగా ఛాయాచిత్ర సంఘమునుండి ఆయన తొలగింపబడెను. నీలిమందునకును కెమెరాకును సంబంధమేమి యని పాఠకులకు తోచవచ్చును. సంబంధము కలదు. కెమెరా పట్టువాడు తాను చూచిన దానికి సాక్షి యగును. ఎవని చూపు సాక్ష్యముగా చెల్లవలెను, ఎవనిది చెల్లరాదు అను తగవు ఆనాడే ఆరంభమయ్యెను. రాజేంద్రలాలుడు మాత్రము వెనుకంజ వేయలేదు. తరువాత ఉత్కళదేశపు ఆలయములను పరిశోధించి 1875, 1880 సంవత్సరములలో రెండు సంపుటములుగా ప్రకటించిన గ్రంథమున ఛాయాచిత్రములను ప్రమాణములుగా ఉపయోగించెను. 1885లో ఏషియాటిక్ సొసైటీకి అధ్యక్షత వహించిన మొదటి భారతీయుడును ఆయనయే.

1863లో శామ్యూల్ బోర్న్ అను ఆంగ్లేయుడు నాటింగ్‌హామ్ నగరమున బ్యాంకు ఉద్యోగమును వదలి కలకత్తాలో దిగెను. ఆయన పేరును, చార్లెస్ షెపర్డ్ పేరును కలిసిన 'బోర్న్ అండ్ షెపర్డ్' సంస్థ దేశమంతట ప్రసిద్ధికెక్కెను. బోర్న్ హిమాలయములకు మూడు పర్యాయములు యాత్ర చేసెను. 1866లో జరిగిన మూడవ యాత్రయందు 18,000 అడుగులకు పైబడిన మణిరంగ్ కనుమ మీద చిత్రములు తీసెను. గాజుపలకలు, రసాయనములు, గుడారములు మోయుటకు పదుల కొలది కూలీలు ఆయన వెంట నడచిరి. ఆయన చిత్రములలో ముందుభాగమున ఒక చెట్టో, బండయో, మనుష్యుడో కనబడును. నడుమ నీరో దారియో యుండును. వెనుక కొండలు నిలుచును. ఇంగ్లండులోని ప్రకృతి చిత్రకారుల వద్ద నేర్చిన కూర్పు ఇది. ఆ చిత్రములు అందమైనవే యనుటకు సందేహము లేదు. కాని ఆ అందము కూలీల భుజములపై మోయబడిన దనియు, దృశ్యమున వారికి దక్కిన స్థానము తఱచుగా కొండ యెత్తు తెలుపు కొలబద్దగా మాత్రమే యుండిన దనియు చరిత్ర చదువువారు మఱువరాదు.

1871లో రిచర్డ్ లీచ్ మాడాక్స్ పొడి గాజుపలకను ప్రతిపాదించెను. అది వ్యాప్తిలోనికి వచ్చిన పిదప చీకటి గుడారముతో పనిలేకపోయెను. పలకలను ముందుగా కొని యుంచుకొని, తీసిన తరువాత తీరికగా కడుగుకొనవచ్చును. ఛాయాగ్రాహకుని భారములలో మొదటిది ఈ విధముగా దిగిపోయెను. తరువాతి కాలమున ఒక్కొక్క భారమే దిగుచు వచ్చినది. ఫోకసు భారము మాత్రము చాలకాలము నిలిచెను.

ఫోకసును యంత్రమునకు అప్పగింపవలెనను తలంపునకు దగ్గఱ చుట్టమైన భావమొకటి ఈ నగరముననే, ఇరువదవ శతాబ్ది ఆరంభముననే ఉదయించె నన్నచో వింతగా తోచవచ్చును. ఉపేంద్రకిశోర రాయ్ చౌధురి బాలల కొఱకు రామాయణమును వ్రాసెను. దానికై తాను గీసిన బొమ్మలు అచ్చులో కొయ్యచెక్కడముల వలన పాడగుట చూచి ఆయన మనస్సు నొచ్చుకొనెను. ఆ నొప్పియే ఆయనను హాఫ్‌టోన్ బ్లాకుల విద్యకు మరల్చెను. ఛాయాచిత్రమును సిరాతో అచ్చువేయుటకు దానిని సూక్ష్మములైన చుక్కలుగా విభజింపవలెను. ఇందులకై అడ్డముగను నిలువుగను సన్నని గీతలు గల గాజుతెఱను, కాంతిని గ్రహించు పలకకు కొంచెము ముందుగా నిలుపుదురు. ఆ కొంచెము దూరమే సర్వమును నిర్ణయించును. తెఱ సరియైన దూరమున లేనిచో చుక్కలు అలుకుకొనిపోవును. అనుభవజ్ఞులు కూడ కంటి అంచనాతోనే ఈ దూరమును కుదుర్చుకొనుచుండిరి. ఉపేంద్రకిశోరుడు దానికి గణితమును కనుగొనెను. లండనులో ప్రచురితమగు పెన్రోజు వార్షిక సంచికలో 1897లో తెఱయొక్క ఫోకసును గూర్చియు, 1901లో ఆ తెఱను స్వయంచాలకముగా సర్దు విధానమును గూర్చియు ఆయన వ్యాసములు వెలువడెను. విదేశ విశ్వవిద్యాలయములలో చదువక, కలకత్తాలోని తన యింటనే ప్రయోగములు చేసి, పాశ్చాత్య నిపుణులకు పాఠము చెప్పగల స్థితికి ఆయన చేరెను. చేతివాటమునకు వదలిన పనిని కొలతకు లోబఱచి, కొలతను యంత్రమునకు అప్పగించుట యనెడి మార్గమిది. ముప్పాతిక శతాబ్దము తరువాత కెమెరా ఫోకసు నడచిన మార్గమును ఇదియే.

ఆయన కుమారుడు సుకుమార్ రాయ్ 1911లో ఛాయాచిత్ర ముద్రణ విద్యలను అభ్యసించుటకు ఇంగ్లండునకు పోయి, లండనులోను మాంచెస్టరులోను చదివి, 1913లో తిరిగివచ్చెను. బెంగాలీ బాలల నవ్వులకు కారకుడైన ఆ హాస్యకవి రాయల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ సభ్యత్వ గౌరవమును పొందినవాడని చాలమందికి తెలియదు. 1923లో చిన్నవయసుననే ఆయన మరణించెను. అప్పటికి ఆయన పుత్రుడు సత్యజిత్ రాయ్ రెండేండ్ల బాలుడు.

ఈ నగరపు కెమెరా చరిత్రయందు తెలుగువారికిని భాగము కలదు. తెలుగు సినిమాకు ఆద్యుడని కీర్తింపబడు రఘుపతి వెంకయ్య 1869లో మచిలీపట్టణమున జన్మించి, తొలుత ఛాయాచిత్రముల వృత్తిని అవలంబించి, తదుపరి కదలు బొమ్మల వైపు మరలినవాడు. 1936లో రాజమహేంద్రవరమున దుర్గా సినీటోను వెలయువఱకు ఆంధ్రదేశమున మాటలాడు చిత్రములకు స్టూడియో లేకుండెను. అందుచేత తెలుగు నటులు రైలెక్కి కలకత్తాకు వచ్చుచుండిరి. ఇచ్చటి ఈస్టిండియా ఫిలిం కంపెనీ పక్షమున చిత్తజల్లు పుల్లయ్య 1933లో 'సావిత్రి'ని, 1934లో 'లవకుశ'ను నిర్మించెను. వేమూరి గగ్గయ్య యముడుగను, రామతిలకము సావిత్రిగను నటించిరి. 'లవకుశ'లో పారుపల్లి సుబ్బారావు శ్రీరాముడు, శ్రీరంజని సీత. ఆంధ్రదేశమున బండ్లు కట్టుకొని వచ్చి ప్రజలు చూచిన ఆ సీతారాములు కలకత్తా దీపముల వెలుగున, కలకత్తా కెమెరా ముందు నిలిచినవారే. సినిమా చిత్రీకరణములో ఫోకసుకై వేఱొక పద్ధతి పాటింతురు. లెన్సునుండి నటుని ముఖమువఱకు గల దూరమును టేపుతో కొలిచి, నటుడు ఆగవలసిన చోట నేలపై గుర్తు పెట్టుదురు. అతడు నడచి వచ్చుచుండగా సహాయకుడొకడు లెన్సు వలయమును అంగుళము తప్పకుండ త్రిప్పును. తెరమీద అతని పేరు గాని పని గాని ఎవరికిని తెలియదు. అతడు పొరపడినప్పుడు మాత్రమే ప్రేక్షకునకు తెలియును.

1955లో విడుదలయైన 'పథేర్ పాంచాలి' ఈ నగరపు చూపును ప్రపంచమున కంతకు పరిచయము చేసెను. దానికి ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర. ఇరువదియొక యేండ్ల ప్రాయమున, అంతకుముందు సినిమా కెమెరాను నడిపిన అనుభవమే లేకుండ, ఆయన ఆ పనికి పూనుకొనెను. ఫ్రెంచి దర్శకుడు జాఁ రెన్వా కలకత్తాలో తన చిత్రమును తీయుచుండగా ప్రక్కన నిలిచి చూచి, దీపముల అమరికను పుస్తకమున గీసికొనుటయే ఆయన చదువు. 1956 నాటి 'అపరాజితో' కొఱకు కాశీలోని ఒక యింటి ముంగిలిని కలకత్తా స్టూడియోలో నిర్మించిరి. నిజమైన ముంగిలిలో వెలుగు ఆకాశమునుండి నలువైపుల సమముగా దిగును. స్టూడియో దీపములు కత్తివంటి నీడలను కల్పించును. అందులకు సుబ్రత మిత్ర పైన తెల్లనిగుడ్డను పఱచి, దీపపు వెలుగును దానిపైకి కొట్టించి, అచ్చటినుండి మెత్తగా క్రిందికి దిగునట్లు చేసెను. 1964 నాటి 'చారులత'లో నాయిక ఉయ్యాల యూగు ఘట్టము కలదు. కెమెరాను ఉయ్యాలకే బిగించి తీసిన ఆ దృశ్యమున తోటయంతయు ముందునకు వెనుకకు తూలుచుండును. ఆమె ముఖము మాత్రము నిశ్చలముగా, స్పష్టముగా నుండును. కెమెరాకును ముఖమునకును నడుమ దూరము మాఱలేదు గనుక ఫోకసు చెదరలేదు. ఆమె మనస్సు లోకమునుండి విడివడి తనలో తాను తేలుటను మాటలు లేకుండ తెలుపుటకు ఆ ఒక్క అమరిక చాలినది. ఇచ్చట ఫోకసు వేఱు, కూర్పు వేఱు, భావము వేఱు అని విడదీయుటకు వీలులేదు.

సత్యజిత్ రాయ్ వెంట పాతికేండ్లు నడచి ఆయన జీవితమును చిత్రములలో భద్రపఱచిన నిమాయ్ ఘోష్ వృత్తిరీత్యా రంగస్థల నటుడు. ఎవరో టాక్సీలో మఱచిపోయిన కెనొనెట్ కెమెరా ఒకటి, 240 రూపాయల పాత బాకీకి బదులుగా ఆయనకు దక్కెను. 1968లో 'గూపీ గాయిన్ బాఘా బాయిన్' చిత్రీకరణ సమయమున దానితో ఆయన పని యారంభమయ్యెను. ఫ్లాషు దీపమును వాడక, ఉన్న వెలుగుతోనే ఆయన చిత్రములు తీసెను. 2010లో పద్మశ్రీ పొంది, 2020లో ఆయన కాలధర్మము నొందెను. ఆయన చేతికి వచ్చిన ఆ తొలి కెమెరా రేంజిఫైండరు జాతికి చెందినది. అందులో కన్ను పెట్టి చూచునప్పుడు చట్రము నడుమ ఒకే వస్తువునకు రెండు ప్రతిబింబములు కనబడును. లెన్సు వలయమును త్రిప్పుచుండగా అవి దగ్గఱకు జరిగి, ఒకదానిపై నొకటి సరిగా ఒదిగినప్పుడు ఫోకసు కుదిరినదని అర్థము. ఈ సూత్రమును పాఠకులు మనస్సున నుంచుకొనవలెను. ఏలయన నేటి స్వయంచాలక ఫోకసునకు మూలము ఇందులోనే యున్నది.

1960 మొదలు 1973 వఱకు జర్మనీలోని లైకా సంస్థ స్వయంచాలక ఫోకసునకు సంబంధించిన పెక్కు హక్కులను నమోదు చేయించుకొనెను. కాని ఆ కెమెరాను విపణిలోనికి తెచ్చిన ఖ్యాతి దానికి దక్కలేదు. 1977లో జపానులోని కొనికా సంస్థ సి-35 ఏ.ఎఫ్. అను చిన్న కెమెరాను వెలువరించెను. ఫోకసును తానే సరిచేసికొని విరివిగా అమ్ముడుపోయిన మొదటి కెమెరా అదియే. అమెరికాలోని హనీవెల్ సంస్థ చేసిన పరికరము అందులో నుండెను. రెండు ప్రతిబింబములను పోల్చు రేంజిఫైండరు పనిని అది కంటికి బదులుగా విద్యుత్తుతో చేసెను. 1978లో పోలరాయిడ్ సంస్థ గబ్బిలము వలె ధ్వనిని పంపి, ప్రతిధ్వనిని బట్టి దూరమును కొలుచు కెమెరాను చేసెను. 1981లో పెంటాక్స్, 1983లో నికాన్ సంస్థలు లెన్సులను మార్చుటకు వీలైన రిఫ్లెక్సు కెమెరాలలో ఈ విద్యను ప్రవేశపెట్టెను. 1985లో మినోల్టా 7000 కెమెరా, ఫోకసు మోటారును కెమెరాలోనే ఇమిడ్చి, ఈ విద్యను సామాన్యుల అందుబాటునకు తెచ్చెను. 1987లో కెనాన్ సంస్థ ఈ.ఓ.ఎస్. కెమెరాలలో మోటారును లెన్సునందే అమర్చెను. తన హక్కులను అపహరించిరని హనీవెల్ వేసిన వ్యాజ్యము 1992లో ముగిసెను. మినోల్టా 12 కోట్ల 75 లక్షల డాలర్లకు పైగా చెల్లింపవలసి వచ్చెను. మనుష్యుని కంటికి బదులు చూచు యంత్రమునకు లోకము కట్టిన వెల ఎంతటిదో దీనివలన తెలియును.

రిఫ్లెక్సు కెమెరాలో లెన్సు వెనుక ఏటవాలుగా ఒక అద్దముండును. లెన్సుగుండ వచ్చిన వెలుగును అది పైకి మరల్చి, చూచువాని కంటికి చేర్చును. అద్దపు నడిమిభాగము కొంత వెలుగును తనగుండ పోనిచ్చును. దానివెనుకనున్న చిన్న అద్దము ఆ వెలుగును కెమెరా అడుగునకు పంపును. అచ్చట లెన్సుయొక్క రెండు వైపులనుండి వచ్చిన కిరణములు రెండు చిన్న ప్రతిబింబములుగా ఏర్పడును. వాటి నడుమ దూరమును బట్టి లెన్సును ఏ వైపునకు, ఎంత జరుపవలెనో కెమెరా తెలిసికొనును. ఇది నిమాయ్ ఘోష్ వ్రేళ్లతో చేసిన పనియే. కాని క్షణములో కొద్ది భాగమున ముగియును. మీటను నొక్కగనే అద్దము పైకి లేచి, వెలుగు ఫిలిముపై పడును.

ఆ ఫిలిముకు బదులు కాంతిని అంకెలుగా మార్చు సెన్సరును అమర్చినదే డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరా. 1975లో అమెరికాలోని కొడాక్ సంస్థ ఇంజనీరు స్టీవెన్ శాసన్ నిర్మించిన మొదటి డిజిటల్ కెమెరా ఒక్క చిత్రమును పొందుపఱచుటకు 23 సెకండ్లు తీసికొనెను. 1991లో కొడాక్, నికాన్ ఎఫ్-3 కెమెరాకు 13 లక్షల బిందువుల సెన్సరును జోడించి పత్రికలవారికి అమ్మెను. 1999లో నికాన్ డి-1 వెలువడెను. 2003లో కెనాన్ 300డి వేయి డాలర్లకు లోబడిన వెలకు వచ్చిన పిదప ఈ కెమెరాలు గృహస్థుల చేతికిని అందెను. కలకత్తా 2001లో అధికారికముగా కోల్‌కతా అయిన ఆ దశాబ్దముననే ఫిలిము కడుగు దుకాణముల పని తగ్గుచు వచ్చెను. 2018లో నికాన్, కెనాన్ సంస్థలు పెద్ద సెన్సరుతో, అద్దము లేని కెమెరాలను తెచ్చిన తరువాత డి.ఎస్.ఎల్.ఆర్. ప్రాభవమును తగ్గుచున్నది. అయినను చిత్రకళను శ్రద్ధతో నేర్వదలచిన వారు పలువురు నేటికిని దానినే చేపట్టుచున్నారు.

చిన్న కెమెరానుండియో, చేతి ఫోనునుండియో దీనికి మాఱినవారికి మొదట కలుగునది సంతోషము కాదు, నిరాశ. వెనుకటి పరికరములో అందఱి ముఖములు స్పష్టముగా వచ్చుచుండగా, వెలగల ఈ కెమెరాలో ఒకని కన్ను స్పష్టమై, ప్రక్కవాని ముఖము మసకబాఱుచున్నది. దోషము కెమెరాది కాదు. ఫోను సెన్సరు గోరంతది. దాని లెన్సును అట్టిదే. అందుచేత దగ్గఱిది, దూరపుది దాదాపు ఒకేవిధముగా స్పష్టమగును. డి.ఎస్.ఎల్.ఆర్. సెన్సరు దానికి ఎన్నో రెట్లు పెద్దది. ఉదాహరణమునకు సాధారణ డి.ఎస్.ఎల్.ఆర్.లో 50 మిల్లీమీటర్ల లెన్సును ఎఫ్/1.8 వఱకు తెఱచి, రెండు మీటర్ల దూరమున నున్న మనుష్యుని తీసినచో, స్పష్టముగా వచ్చు మండలము ముందు వెనుకలు కలిసి సుమారు 11 సెంటీమీటర్లు మాత్రమే. లెన్సు ద్వారమును ఎఫ్/8కి కుదించినచో అది సుమారు అరమీటరగును. కుటుంబమంతయు రెండు వరుసలలో నిలిచినప్పుడు మొదటి కొలత చాలదు. ఒక శిశువు ముఖమును మాత్రమే తీయునప్పుడు అదియే వరము. వెనుకనున్న సామానుల గందరగోళము కరగిపోయి ముఖము ఒక్కటియే నిలుచును.

రెండవ చిక్కు యంత్రము ఎన్నుకొను గుఱి. చట్రమున పలు గుఱి బిందువులుండును. ఎన్నిక కెమెరాకే వదలినచో అది తఱచుగా తనకు దగ్గఱగా, వెలుగునీడల తేడా కొట్టవచ్చినట్లు కనబడు దానిని పట్టుకొనును. దుర్గాపూజ దినములలో పందిరి ముందు నిలిచి తీయువారికి ఇది అనుభవములోని విషయమే. దేవి ముఖమును తీయబోగా ముందు వ్రేలాడు పూలదండ స్పష్టమై, దేవి మసకబాఱును. శీతకాలపు మంచులో హౌరా వంతెనను తీయబోయినచో, తేడాలు లేని తెల్లదనములో పట్టుకొనుటకేమియు దొరకక లెన్సు ముందునకు వెనుకకు వెదకుచు తిరుగును. దీనికి ఉపాయము సులభమైనదే. నడిమి బిందువును ఒక్కదానినే ఎన్నుకొని, దానిని కోరిన చోట నిలిపి, మీటను సగము నొక్కి, ఫోకసు కుదిరిన పిదప వ్రేలెత్తక చట్రమును కావలసినట్లు జరుపుకొని, పూర్తిగా నొక్కవలెను. అయితే ఇందును హద్దు కలదు. పైన చెప్పిన రెండు మీటర్ల ఉదాహరణములో వస్తువును నడిమినుండి చట్రపు అంచువఱకు జరిపినచో ఫోకసు తలము సుమారు 5 సెంటీమీటర్లు వెనుకకు పోవును. అనగా స్పష్టతయొక్క పొలిమేర దాక జరుగును. అట్టి సందర్భమున అంచునకు దగ్గఱనున్న బిందువునే ముందుగా ఎన్నుకొనుట మేలు.

ఈ నడిమి బిందువు అలవాటునుండియే కూర్పు దోషము పుట్టును. గుఱి నడుమ కుదిరినదని, వస్తువును నడుమనే వదలి మీట నొక్కుట పలువురి అలవాటు. అట్టి చిత్రములలో తలపైన ఆకాశము వృథాగా మిగులును; పాదములు తెగిపోవును. 1797లో జాన్ థామస్ స్మిత్ అను ఆంగ్ల చిత్రకారుడు దృశ్యమును మూడింట ఒక పాలు, రెండు పాళ్లుగా విభజింపవలెనను సూత్రమును వ్రాసెను. నేటి కెమెరాల తెరలపై కనబడు గీతల గళ్లు ఆ సూత్రమునకు గుర్తులే. కాని సూత్రము చేతికఱ్ఱ వంటిది; నడచుట నేర్చిన పిదప దానిని విడువవచ్చును. గరుకు గాజుపలక తలక్రిందుల బొమ్మ నేర్పిన పాఠము అంతకంటె లోతైనది: వస్తువు పేరును మఱచి వెలుగు నీడల బరువును చూచుట. చట్రపు నాలుగు అంచులను ఒక్కసారి కంటితో చుట్టివచ్చి, అక్కఱలేనిది ఏదియు చొఱబడలేదని నిశ్చయించుకొని మీట నొక్కువాడు, ఏ కాలపు కెమెరా పట్టినను రాణించును.

యంత్రము దూరమును కొలువగలదు, ముఖమును గుర్తింపగలదు, కంటిపాపను కూడ పట్టుకొనగలదు. కాని ఆ గుంపులో ఏ ముఖము ముఖ్యమైనదో దానికి తెలియదు. పెండ్లిచిత్రమున వధూవరుల ముఖములు యంత్రము తెలిసికొనును. వెనుక స్తంభమునకు చేరబడి కన్నీరు తుడుచుకొను తల్లిని తెలిసికొనలేదు. రాజేంద్రలాలుని కాలమున ఎవరు చూడవలెనను తగవు మనుష్యుల నడుమ నుండెను. నేడు అది మనుష్యునకును యంత్రమునకును నడుమ నిలిచినది. యంత్రము పని యంత్రమునకు వదలుట తెలివి. తన పనిని కూడ దానికి వదలుట సోమరితనము.

మఱియొక హెచ్చరికను ఈ నగరమే చేసినది. 1991లో సంభవించిన అగ్నిప్రమాదమున బోర్న్ అండ్ షెపర్డ్ భాండాగారములోని చిత్రములు, గాజుపలకలు పెక్కు దగ్ధమయ్యెను. 2016లో ఆ సంస్థయే మూతపడెను. నూటయేబది యేండ్ల నగరపు ముఖమును భద్రపఱచిన యింటికి ఇట్టి గతి పట్టినప్పుడు, గృహస్థుల పెట్టెలలోను, ఫోనులలోను ఉన్న చిత్రములకు భద్రత యేమి? నేటి కష్టము చిత్రములు లేకపోవుట కాదు, లెక్కకు మించి యుండుట. ఉద్యోగరీత్యా ఊరూర తిరుగు తెలుగు కుటుంబములకు ఈ నష్టము మఱింత ఎక్కువ. స్వగ్రామమున తాతగారి ఇల్లు అమ్ముడుపోవును. కలకత్తా క్వార్టరు బదిలీతో ఖాళీ యగును. ఆ రెండింటి నడుమ పెరిగిన పిల్లలకు తమ బాల్యమునకు సాక్ష్యముగా మిగులునవి ఆ చిత్రములే.

అందుచేత ప్రతి యేటను తీసిన వేలకొలది చిత్రములలో ఏబదింటిని ఎన్నుకొని, కాగితముపై అచ్చువేయించి, వెనుక పేరు, ఊరు, తేదీ స్పష్టమైన తెలుగు అక్షరములతో వ్రాసి యుంచుట ప్రతి కుటుంబమునకు శ్రేయస్కరము. ఎన్నుకొనుట కూడ కూర్పులోని భాగమే; పేరు వ్రాయుట కూడ ఫోకసు వంటిదే. పేరు తెలియని ముఖము, ఎంత స్పష్టముగా నున్నను, తరువాతి తరమువారికి మసకయే యగును గదా!